రెండో తూము

ఎనుమాముల యార్డుల రాత్రి పదకొండు దాటింది.
అడ్తి దుకాణం మీది గదిల నేను, ఒక పాత డబ్బా.
కింద పట్టాలు కప్పుకొని తేజ మిర్చి బస్తాలు.
ఘాటు మెట్లెక్కి వస్తది,
తుమ్మినప్పుడల్లా కర్సర్ నా దిక్కు చూసినట్టుంటది.
పొద్దుగాల ఏడింటికి జెండా పాట.
అప్పటికల్లా కొత్త కాంటా ప్రోగ్రాం లేవాలె.

మేక్ కొట్టిన.
అరవై ఫైళ్లు బుద్ధిగ నడిచినయ్.
అరవై ఒకటో దగ్గర నిలబడ్డది.
ఎర్రర్ ఒకటి, అన్నది. అంతే.
ఏ వరసల, ఏ మాట దగ్గర, ఎందుకు,
ఏమీ లేదు.
తిడితే పడొచ్చు, తప్పు చూపెడితే దిద్దుకోవచ్చు.
నోరిప్పని దానితోని ఏం కొట్లాడుదు?

కంపైలర్ ఉన్నదా చూసిన. ఉన్నది.
డిస్కు నిండిందా? సగం ఖాళీ.
మెమొరీ చాలక కెర్నల్ ఎవరి గొంతన్న పిసికిందా అని
దాని చిట్టా తిరగేసిన. ఈ రాత్రి ఎవరూ చావలేదు.
ఎనిమిది పనులు ఒక్కసారే నడిస్తే
ఒకని అరుపు ఇంకొకని అరుపుల కలిసి పోతదని
ఒక్కొక్కరే రండ్రి అన్న.
ఒక్కొక్కటే వచ్చినయ్, వీపు మీద బస్తా ఉన్న హమాలీల లెక్క.
అరవై ఒకటోది మల్ల మూగ.
లాగ్ ఫైలు తెరిస్తే సున్నా బైట్లు.

రెండింటికి దడువాయి కట్టయ్య చాయ్ తెచ్చిండు.
ముప్పై ఏండ్లు కాంటా ముల్లు చూసి చూసి
ఆయన ఎడమ కన్ను జర చిన్నగైంది.
"ఏమంటున్నది బిడ్డా?"
"ఏమంటలేదు, అదే బాధ."
"గట్లయితే నోట్లె గుడ్డ ఉండాలె, చూడు."
తెలిసి అన్నడో, తెల్వకనే అన్నడో.

ప్రతి ప్రోగ్రాముకు మూడు తూములుంటయ్.
సున్నా, లోపలికి వచ్చేదానికి.
ఒకటి, బయటికి పోయేదానికి.
రెండు, మొరకు.
మేక్‌ఫైల్ మీద వేలు పెట్టి వరస వరస చదివిన.
నూటపన్నెండో వరస చివర
రెండో తూము మూతి తీస్కపోయి డెవ్ నల్‌ల పెట్టిండ్రు,
ఎంత పోసినా నిండని గుంత అది.
పక్కన మూడేండ్ల కిందటి కామెంటు:
"సేటుకు ఎర్ర అక్షరాలు నచ్చవు. వాజిద్."

కింద నాలుగువేల బస్తాల ఎరుపు మాత్రం నచ్చుతది.

వాజిద్ ఇప్పుడు కాజీపేటల సెల్‌ఫోన్లు బాగు చేస్తడు.
నాకు కోపం రాలేదు.
ఆ సేటు ముందట నేను సుత
కొన్ని ఎర్ర అక్షరాలు మింగిన.

పదకొండు అక్షరాలు చెరిపేసి, మొదటి నుంచి మేక్ కొట్టిన.
మూడేండ్ల వార్నింగులు గేటు తెరిచినట్టు దునికినయ్.
వాడని వేరియబుళ్లు, పొంతన కలవని అంకెలు,
వాటి నడుమ ఒక్కటే ఎర్ర గీత.
కాంటా ఫైలు, రెండువందల పద్నాలుగో వరస:
ఈ పరిధిల 'తరుగు' ఎక్కడా ప్రకటించలేదు.

చదివి వినిపిస్తే కట్టయ్య గిలాస కింద పెట్టిండు.
"మిషిన్‌కు సుత తెలిసిందా" అన్నడు.

క్వింటాలుకు ఎన్ని కిలోలు కోస్తరో చెప్పు, రాస్త అన్న.
పూర్ణాంకమా, దశాంశమా, మొదలు ఎంతనో చెప్పాలె.
"అది రాసేది కాదు బిడ్డా.
తేమ అంటరు, తాలు అంటరు,
రైతు మొఖం చూస్తరు. మొఖాన్ని బట్టి ఉంటది."

మొఖానికి ఏ టైపు పెట్టాలె?

నాలుగైంది. నర్సంపేట రోడ్డు మీద
మొదటి ట్రాలీ హారన్ కొట్టింది.
ఫైలు పైకి పోయి పదకొండో వరసల రాసిన:
తరుగు, దశాంశం, సున్నా.
సెమికోలన్ పెట్టే ముందు కట్టయ్య దిక్కు చూసిన.
ఆయన కిటికీల నుంచి బస్తాలు లెక్కపెడ్తున్నడు,
లేకుంటే పెడ్తున్నట్టు నిలబడ్డడు.

పెట్టిన.
అరవై ఒకటోది నడిచింది, అరవై రెండు, అరవై మూడు.
తూము మూతి మాత్రం మల్ల బిగించలేదు.

సేటు ఏడింటికి వస్తడు.
చాయ్ చల్లారింది. అయినా తాగిన.